పట్నంలో బాలవ్వను లేపిన రోజు

తాండూరు నుంచి హైదరాబాదుకు రైల్లో రెండున్నర గంటలు. పొద్దున పోయి పొద్దుగూకేసరికి వచ్చేవాళ్లు మా వీధిలోనే పది మంది ఉంటారు. మా పెద్దనాయిన మాత్రం డెబ్బై ఆరేళ్లలో రెండంటే రెండుసార్లు పోయాడు. ఒకసారి కంటి ఆపరేషన్‌కు, ఒకసారి గొర్రెల కోసం చేసిన ధర్నాకు. మొదటిసారి కంటికి కట్టు కట్టారు, రెండోసారి లారీలో అడుగున కూర్చోబెట్టారు, కాబట్టి తాను పట్నం ఇంకా చూడనే లేదని ఆయన వాదన. మూడోసారి నేను తీసుకుపోయాను. నేను బడిలో సోషల్ పాఠాలు చెప్తాను. పట్నం సంగతులు నాకు బాగా తెలుసునని చుట్టాల్లో పేరుంది. ఆ పేరు ఆ రోజు పదకొండు గంటలకల్లా ఎట్లా పోయిందో కూడా దాచకుండా రాస్తాను.

పోయింది ఒక నాటకం కోసం. పెద్దనాయిన దౌల్తాబాద్ దగ్గర మా ఊళ్లో గొర్రెలు కాస్తాడు, ఒగ్గు కథ చెప్తాడు. డోలు, తాళాలు పట్టుకుని నలుగురైదుగురు నిలబడి పాడుతూ ఆడుతూ కథ చెప్పడం మా కురుమోళ్ల విద్య. ఆయన దగ్గరున్న వాటిలో బాలవ్వ కథ ఒకటి. కరువులో మంద దాహంతో పడిపోతుంటే, అన్న లింగన్నకు చెప్పకుండా బాలవ్వ ఒక్కతే ఎండిన బాయిలోకి దిగి చెలిమె తవ్వుతుంది. నీళ్లు పడతాయి, కానీ బాయి గోడ కూలి ఆమె మీద పడుతుంది. లింగన్న వచ్చి డోలు కొట్టి, పాట పాడి, దేవుణ్ణి నిలదీసి చెల్లెల్ని మట్టిలోంచి లేపుతాడు. ఈ చివరి భాగాన్ని మావాళ్లు లేపుడు అంటారు. చచ్చిన వేషం వేసినవాళ్లు ఆ పాట అయ్యేదాకా కదలకూడదు, విన్నవాళ్లు జాగా విడిచి పోకూడదు. పోతే ఆ చావును ఇంటికి వెంటబెట్టుకుని పోయినట్టేనని మా నమ్మకం. ఆ పాట ఇప్పుడు పెద్దనాయిన ఒక్కడికే వచ్చు. జట్టులో ఇద్దరు పోయారు, ఒకాయన గొంతు పడిపోయింది, కొడుకు బండల లారీ నడుపుతాడు.

మొన్న ఎండాకాలం శాలిని అనే అమ్మాయి మా ఊరికి వచ్చింది. నవాబుపేట దిక్కు పిల్ల, పట్నంలో నాటకాల చదువు చదువుతుంది. తల్లిదండ్రులు కూలికి పోతారు, ఆదివారం చర్చికి పోతారు. తొమ్మిది రోజులు పెద్దనాయిన వెంట మందలో తిరిగి కథంతా ఫోన్లో పట్టుకుంది. లేపుడు మాత్రం ఆయన ఇవ్వలేదు. ఊరి పెద్దమనుషులు కూడా వద్దన్నారు. మన కులం పిల్ల కాదు, మన దేవుణ్ణి మొక్కే పిల్ల కాదు, అది కూడా ఇచ్చేస్తే నీకేం మిగుల్తది అన్నారు. పెద్దనాయిన వాళ్లకు అవుననలేదు, కాదనలేదు. ఆ పిల్లకు మాత్రం ఒక మాట చెప్పి పంపాడు.

"ముందుగాల నీ ఆట సూస్త. సూసినంక ఇయ్యాల్నో వద్దో చెప్త."

అక్టోబరులో శాలిని ఫోన్ చేసింది. శనివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆట అంది.

రైలు పెట్టెలో

పెద్దనాయిన ముందురోజే తాండూరులో మా ఇంటికి దిగాడు. తెల్లటి పంచె, భుజం మీద నల్లటి గొంగడి. పట్నంలో ఉక్క పోస్తుంది, గొంగడి ఇంట్లో పెట్టు అంటే వినలేదు. గొంగడి లేకుండా కథకు పోవుడేంది అన్నాడు. చెప్పేది నువ్వు కాదు గదా అన్నాను. ఇనేటోనికి గూడ గావాలె అన్నాడు. ఈయనతో వాదన పెట్టుకుంటే రైలు పోతుందని ఊరుకున్నాను.

గుల్బర్గా దిక్కు నుంచి వచ్చే బండి, పెట్టె నిండా కన్నడం. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమ్మ గొంగడి చూడగానే మీరు కురుబరా అజ్జా అని అడిగింది. ఆమెదీ మా కులమే. సేడం నుంచి కూతురి దగ్గరికి పోతోంది. పెద్దనాయినకు కన్నడం వచ్చునని నాకు నలభై మూడేళ్లకు తెలిసింది. ఎట్లా వచ్చిందంటే, గొర్రెలకు గడ్డి ఎక్కడుంటే అక్కడి మాట వస్తదన్నాడు. నేను పిల్లలకు రాష్ట్రాల సరిహద్దులు పటంలో గీసి మరీ చెప్తాను. మా ఇంట్లోనే ఒక మనిషి ఆ గీతను ఏటా మందతో దాటి వస్తున్నాడని అప్పటిదాకా ఆలోచించలేదు.

ఆమె సంచి విప్పి ఎండబెట్టిన జొన్న రొట్టెలు, పల్లీల కారప్పొడి ఇచ్చింది. అప్పడంలా పెళపెళ విరిగే ఆ రొట్టెలు నెల రోజులైనా చెడిపోవట. మా ఇళ్లలో రొట్టె మెత్తగా లేకపోతే అత్త మొహం మాడుతుంది. అక్కడ మెత్తగా ఉంటే మాడుతుందట. రొట్టెలు నములుతూ ఆమె కూడా బాలవ్వ కథ విన్నానని చెప్పింది. కానీ వాళ్ల దిక్కు బాలవ్వ లేవదు. బాయిలో నీళ్లయిపోతుంది, అంతటితో కథ అయిపోతుంది. పెద్దనాయిన నోట్లోని రొట్టె నమలడం ఆపి ఆమె దిక్కే చూశాడు. వికారాబాద్ దాటి శంకరపల్లి వచ్చేదాకా ఇద్దరూ కన్నడంలో ఇదే విషయం మీద కొట్లాడుకున్నారు. నాకు అర్థమైంది తక్కువే గానీ, ఆయన ఓడిపోతున్నాడని మాత్రం తెలిసింది. ఎందుకంటే చివరికి తెలుగులోకి దిగాడు.

మధ్యలో వికారాబాద్‌లో బండి ఆగినప్పుడు సీతాఫలాల బుట్టలు పెట్టెలోకి ఎక్కాయి. అనంతగిరి దిక్కు పండ్లు. బుట్ట రెండు వందలు చెప్పి నూట యాభైకి ఇచ్చారు. అవే పండ్లను పట్నంలో ఒక్కొక్కటి విడిగా తూచి అమ్మడం తర్వాత చూశాను, ధర మాత్రం పెద్దనాయినకు చెప్పలేదు. ఆ పెద్దమ్మకు ఆయన సగం బుట్ట ఇచ్చేశాడు. కథ విషయంలో మాత్రం ఆమె మాట ఒప్పుకోలేదు.

పట్టాల పక్క బస్తీ

ఖైరతాబాద్ రాకముందే బండి ఆగింది. పెట్టెలో సగం మంది గబగబా దిగిపోతున్నారు. దిగాల్సింది ఇక్కడే అన్నట్టు నేనూ పెద్దనాయిన చెయ్యి పట్టుకుని దిగాను. మేం దిగాక బండి కూత వేసి వెళ్లిపోయింది. చూస్తే అది స్టేషనే కాదు. సిగ్నల్ లేక ఆగిన జాగా. రోజూ తిరిగేవాళ్లకు అది దగ్గరి దారి కాబట్టి దిగిపోయారు. పట్నం అంతా తెలిసిన నేను పట్టాల మధ్య కంకర మీద నిలబడి ఉన్నాను. ఇదేనా టేషను అని పెద్దనాయిన మెల్లగా అడిగాడు. పట్టాల పక్క గోడలో సందు కనిపిస్తే అటు నడిచాను.

ఆ తప్పే లేకపోతే ఆ బస్తీని చూసేదాన్ని కాదు. గోడ సందులోంచి లోపలికి పోగానే ఒక గల్లీ. గల్లీలో ఇళ్లన్నీ మామూలు ఇళ్లే, రెండంతస్తులు, మూడంతస్తులు, ముందు డ్రమ్ములు, ఆరేసిన బట్టలు. కానీ గోడల మీద బొమ్మలు. ఒక ఇంటి గోడంతా ఒకటే పెద్ద చేప, దాని కన్ను సరిగ్గా బాత్రూం కిటికీ. ఇంకో గోడ మీద నీలం రంగు పిట్టలు కింది డ్రైనేజీ మూత దగ్గర మొదలై మిద్దె మీది నీళ్ల ట్యాంకు దాకా ఎగురుతున్నాయి. నేను నోరు తెరిచి చూస్తూ కొంగు మురిక్కాలవలో పడిన సంగతి కూడా గమనించలేదు. మా దగ్గర గోడ మీద రంగు పడిందంటే సిమెంటు, ఎరువులు, లేకపోతే ఎన్నికలు. ఏమీ అమ్మని గోడను, ఓటు అడగని గోడను నేను చూడటం అదే మొదలు. చూస్తుంటే మనసు తేలికైపోయింది. బొమ్మ ఉన్నది నా సంతోషం కోసమేనన్నట్టు ఉంది, ఇంకే పనీ లేదు దానికి.

గల్లీ మలుపు తిరిగితే మూడంతస్తుల ఎత్తు ముసలామె ముఖం. ముక్కుపుడక నా తలకాయంత ఉంది. ముడతలు, నెరిసిన వెంట్రుకలు, ఎవరినో తిట్టబోయి ఆగినట్టు నోరు. పెద్దనాయిన చెప్పులు విడిచి, గొంగడి సర్దుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఏమైందని అడిగితే, గింత పెద్దగ ఏసిండ్రంటే పోయిన మనిషే గద అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా దిక్కు ముఖం అంత పెద్దదిగా పెట్టేది నాయకులకు, పోయినవాళ్లకు. ఈమె నాయకురాలిలా లేదు.

"నేనింక పోలేదన్నా" అని కింద అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న ముసలామె అంది. అదే ముక్కుపుడక.

ఆమె పేరు యాదమ్మ. పెద్దనాయిన సిగ్గుతో చెప్పులు తొడుక్కున్నాడు. ఆమె నవ్వి కూర్చోమంది, నీళ్లిచ్చింది. బొమ్మ వేసిన అబ్బాయి కదలకుండా కూర్చోమంటే నాకు కూరగాయల బండి ఉంది, కుదరదు అందట. అతను బండి వెంట నాలుగు రోజులు తిరిగి వేశాడట. ముడతలు జర ఎక్కువ ఏసిండు అని ఆమె ఫిర్యాదు. నాకు సరిపోయినన్నే కనిపించాయి గానీ అవునన్నాను. ఇప్పుడు ఎవరెవరో వచ్చి ఫోటోలు తీసుకుపోతారు, ఇంటి నంబరు చెప్పక్కర్లేకుండా గ్యాస్ బండ వస్తుంది.

పెద్దనాయిన చాలాసేపు గోడనే చూసి, నీ మొగం అందరికి ఇచ్చినవు గద, నీకేమన్న తక్కువైనట్టు అనిపిస్తదా అని అడిగాడు. నాకు ఆయన అడుగుతున్నది గోడ గురించి కాదని తెలుసు. యాదమ్మకు తెలియదు కాబట్టి తడుముకోకుండా చెప్పింది.

"నా మొగం నాకే ఉంది. గా గోడకున్నదే ఎండకు ఎలిసిపోతుంది. ఆ పిలగాడు మల్లొచ్చి ఏస్తడో లేదో, గదొక్కటే ఫికరు."

పెద్దనాయిన మిగిలిన సీతాఫలాలు ఆమె ఒళ్లో పెట్టి లేచాడు.

బిర్యానీ బల్ల దగ్గర

ఆటోలో నాంపల్లి పోయి ఒక పాత హోటల్లో కూర్చున్నాం. పాలరాయి బల్లలు, పైన చప్పుడు చేసే ఫ్యాన్లు. చాయ్ ఇరవై రూపాయలు. తాండూరులో పది. కప్పు చిన్నది, పైగా సాసర్లో ఒలికించి తెచ్చారు. కానీ తాగితే ఆ చిక్కదనానికి ఇరవై ఇవ్వొచ్చనిపించింది. మటన్ బిర్యానీ మూడు వందల యాభై, ఇద్దరు తినలేనంత. మొదటి ముద్ద పెట్టుకుని వెంటనే రెండోది కలిపాను. మెతుకు మెతుకుకూ వేరే రుచి. ఒక దగ్గర ఉల్లిపాయ తీపి, ఒక దగ్గర కుంకుమపువ్వు వాసన, ఒక దగ్గర నిమ్మకాయ పులుపు.

పెద్దనాయిన మాత్రం ముక్కను వేళ్లతో ఒత్తి చూసి, నమిలి, ఇది నాలుగు పండ్లొచ్చిన రెండేండ్ల పొట్టేలు, ఎండిన గడ్డి తిన్నది, మన దిక్కుది కాదు అని తేల్చాడు. వడ్డించే పెద్దాయన ఇది విని ఉర్దూలో పగలబడి నవ్వాడు. ముప్పై ఏళ్లలో బియ్యానికి పేరు పెట్టినవాళ్లను చూశాడట గానీ, పళ్లు లెక్కపెట్టినవాళ్లను చూడలేదట. ఇంకో గిన్నె సాలన్ తెచ్చి ఊరికే పెట్టాడు. ముసలాయనల స్నేహం అంత సులువు.

తిన్నాక చేతులు తుడుచుకుంటూ పెద్దనాయిన అసలు సంగతి బయటపెట్టాడు. కులం మాట పెద్దమనుషులది, నాది గాదు అన్నాడు. ఆయన గురువు వెంట పన్నెండేళ్లు డోలు మోశాడట. గురువు బట్టలు ఉతికాడు, గురువు గొర్రెలు కాశాడు. పన్నెండో ఏట ఒక తెల్లారుజామున గురువు చెవిలో చెప్పిన పాట లేపుడు. ఈ పిల్ల తొమ్మిది రోజులు వచ్చి, ఫోను ముందుపెట్టి, చెప్పు తాతా అంది.

ఇప్పుడు పన్నెండేళ్లు నీ డోలు ఎవరు మోస్తారు పెద్దనాయినా, అప్పటికి నీకు ఎనభై ఎనిమిది అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆయన మీద కోపం కాదు. ఈ మనిషితోపాటు ఆ పాట మట్టిలో కలిసిపోతుందన్న భయం నాకు చాలా రోజులుగా ఉంది.

"గదే పరేషాన్ బిడ్డా" అన్నాడు. "ఇస్తె గురువుకు తప్పు. ఇయ్యకుంటె పాటకు తప్పు."

చీకటి హాలు

నాటకశాల పెద్దది కాదు. రెండు వందల కుర్చీలు. ఏసీ గాలి ఎముకల్లోకి దిగుతుంటే నేను కొంగు కప్పుకుని వణుకుతున్నాను. పెద్దనాయిన గొంగడి కప్పుకుని నా దిక్కు ఒక చూపు చూశాడు. సగం గొంగడి నా మీదికి వచ్చింది. ఒక్క మాట కూడా అనకపోవడం ఆయన పెద్దరికం.

దీపాలు ఆరిపోగానే ఆయనకు నచ్చలేదు. మా కథల్లో చెప్పేవాడికి వినేవాళ్ల ముఖాలు కనిపించాలి. ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు కునుకుతున్నారు చూసి కథను సాగదీస్తారు, కురచ చేస్తారు. మొగాలు గనవడకుంటె ఎవ్వరికి చెప్తరు అని నా చెవిలో గొణిగాడు. ముందు వరసలోని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

తర్వాత మంద వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు, వీపుల మీద గొంగళ్లు, చేతులు నేలకు ఆనించి. అంతే సరంజామా. కానీ ముందు నడిచే గొర్రె ఆగితే వెనకవన్నీ ఒకదాని వెనక ఒకటి గుద్దుకుని ఆగడం, ఒకటి దారి తప్పి అంచుదాకా వచ్చి బెదిరి వెనక్కి ఉరకడం, దాహంతో నాలుక బయటపెట్టి పక్కటెముకలు ఎగరేయడం. పెద్దనాయిన ముందుకు వంగి, అది పిల్లతల్లి, సూడు, కాలు జాపి నడుస్తుంది అన్నాడు. ఆయన ముఖం చూడటానికి నాకు రంగస్థలం మీద వెలుగు చాలు. నేను అప్పుడప్పుడు నాటకం వదిలి ఆయన్నే చూశాను.

బాలవ్వ వేషం శాలినిదే. గొంతు ఆయనది. అంటే ఆ పిల్ల గొంతే, కానీ పదం చివర సాగదీసి కిందికి వదిలే పద్ధతి మా పెద్దనాయినది. తొమ్మిది రోజుల్లో అది ఎట్లా పట్టుకుందో నాకు తెలియదు. తాళ్లు పైనుంచి దిగి బాయి అయ్యాయి. ఆమె దిగింది, తవ్వింది, చెలిమెలో నీళ్లు ఊరాయి. మంద వచ్చి తాగుతుంటే గొంగళ్లన్నీ ఒక్కసారిగా ఆమె మీద కూలాయి. మట్టి అవి. కింద ఒక చెయ్యి మాత్రం బయట కనిపిస్తోంది. లింగన్న వచ్చి నిలబడ్డాడు, డోలు ఎత్తాడు, కొట్టలేదు. వెలుగు మెల్లగా ఆరిపోయింది.

ఆయన ఇవ్వని చోట ఆ పిల్ల తనది ఏదీ కలపలేదు. అక్కడే ఆపేసింది.

చప్పట్లు మోగాయి. నేనూ కళ్లు తుడుచుకుంటూ కొట్టాను. వెలుగు వచ్చింది, జనం లేచి సంచులు సర్దుకుంటున్నారు. నటులంతా వరసగా నిలబడి వంగి దండం పెట్టడానికి వచ్చారు. గొంగళ్లు పక్కకు తోసుకుని, జుట్టు విదిలించుకుని, నవ్వుతూ శాలిని కూడా లేచింది.

పక్కన పెద్దనాయిన నా మోచెయ్యి పట్టుకున్నాడు. నొప్పి పుట్టేంత గట్టిగా. లేపకుండనే లేసింది అన్నాడు. వాళ్లు దండం పెట్టడానికి లేచారు, ఇక్కడ పద్ధతి అట్లా ఉంటుంది అని చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. అప్పటికే నిలబడి ఉన్నాడు. ఊరవతల మందకు వినిపించే గొంతు ఆయనది, ఆ హాలుకు అది చాలా ఎక్కువ.

"పండుకో బిడ్డా. మల్ల పండుకో."

హాలంతా ఆగిపోయింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. శాలిని ఎదురుగా కొట్టే వెలుగులో కళ్లు చికిలించింది. ఆమెకు మేం కనిపించడం లేదు. కానీ గొంతు గుర్తుపట్టింది. వెనక్కి పోయి, పడుకుని, గొంగడి ముఖం మీదికి లాక్కుంది. చెయ్యి బయటపెట్టింది.

లేపుడు

ఆయన చెప్పులు మెట్ల దగ్గర విడిచి పైకెక్కాడు. నడుముకు ఎప్పుడూ ఉండే పసుపు పొడి సంచి విప్పాడు. లింగన్న వేషం వేసిన అబ్బాయి డోలు తీసి ఇచ్చాడు. పెద్దనాయిన జనం దిక్కు తిరిగి, ఎవ్వరూ పోకండ్రి, కథ ఇంక గాలే అన్నాడు. లైట్లన్నీ వెయ్యమన్నాడు. కొంతమంది ఫోన్లు ఎత్తారు. అవి లోపట వెట్టుండ్రి, లేకుంటె నేను షురువు చెయ్య అన్నాడు. బడిలో నా మాటకు నలభై మంది పిల్లలు అంత తొందరగా సర్దుకోరు. ఫోన్లు లోపలికి పోయాయి. గుమ్మందాకా పోయినవాళ్లు తిరిగొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

నేను ఆ పాటను చిన్నప్పుడు నిద్రమత్తులో విన్నాను. మెలకువతో వినడం అదే మొదటిసారి. లింగన్న చెల్లెల్ని ఏడుస్తూ పిలవడు. దేవుణ్ణి తిడతాడు, తర్వాత చెల్లెలికి మందలో ఒక్కొక్క గొర్రె పేరూ చెప్తాడు. నల్లబొల్లి తాగింది, లే అవ్వా. వంకరకొమ్ముది తాగింది, లే అవ్వా. కుంటిది వెనకబడి వచ్చింది, అదీ తాగింది, లే అవ్వా. నువ్వు తెచ్చిన నీళ్లు అందరికీ అందాయి, నువ్వొక్కదానివే తాగలేదు అని. డెబ్బై ఆరేళ్ల గొంతు మధ్యలో రెండుసార్లు పగిలింది. పగిలినచోట ఆయన ఆగి, ఊపిరి పీల్చుకుని, డోలు మీద దెబ్బ వేసి మళ్లీ అందుకున్నాడు. ఇరవై నిమిషాలో అరగంటో తెలియదు. నా పక్కన బ్యాగు భుజానికి తగిలించుకున్న ఒక పెద్దమనిషి దాన్ని దించడం కూడా మర్చిపోయి అట్లాగే నిలబడి ఉన్నాడు.

చివరికి ఆయన మోకాళ్ల మీద వంగి, గొంగడి తొలగించి, శాలిని నుదుటన పసుపు పెట్టాడు. ఆ పిల్లకు ఎప్పుడు లేవాలో తెలియదు గదా, కళ్లు మూసుకునే ఉంది. ఇప్పుడు లే అని ఆయన మెల్లగా చెప్పడం ముందు వరసల్లో ఉన్న మాకు వినిపించింది. లేచింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మంగళం పాడి, జనానికి దండం పెట్టి, "ఇగ పోండ్రి. పైలంగ పోండ్రి" అన్నాడు. అప్పుడు కదిలారు.

బయట మెట్ల మీద శాలిని వచ్చి ఆయన పక్కన కూర్చుంది. జుట్టులో దుమ్ము, నుదుటన పసుపు అట్లాగే ఉంది. లేపకుండా లేచినందుకు ఏమనుకోకు తాతా, నాకు సోయి లేకపాయె అంది. పాట యాదికుందా అని ఆయన అడిగాడు. సచ్చి పండుకున్న గద తాతా, ఏం యాదికుంటది అంది. ఆయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. లోపల ఏదో లెక్క తేలని ముఖంతో, నీకు గీ లేపుడు ఎందుకు గావాలె, ఆట దానికంటె ముందుగాలనే మంచిగ అయిపాయె గద అని అడిగాడు. నాకు అది పరీక్ష అని తెలుసు.

"సచ్చినోళ్లను మట్టిల ఇడిచిపెట్టి వచ్చుడు మాకు గూడ రాదు తాతా" అంది. "మా దాంట్ల మూడో దినం లేస్తరు. చిన్నప్పటి సంది ఇనుకుంట పెరిగిన. నీ బాలవ్వను ఇడిచిపెడితె నాకు నిద్ర పడ్తలేదు."

పెద్దనాయిన లేచి గొంగడి భుజం మీద వేసుకున్నాడు.

"ఆయితారం ఊరికి రా" అన్నాడు. "ఫోను తేకు. కూసోని నేర్చుకో. ఎన్ని దినాలైతె గన్ని దినాలు."

"ఆయితారం నాకు చర్చి ఉంటది తాతా."

"అయితె సోమారం రా."

వచ్చాక

ఊళ్లో గొడవ కాకపోలేదు. పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చుని అడిగారు. ఆ దినం పట్నంల రెండు వందల మంది ముందట పాడిన, ఇంక దాసేదేముంది అని పెద్దనాయిన వాళ్లకు చెప్పాడట. ఆ మాట నిజం కాదని వాళ్లకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక్కసారి విని ఎవరూ నేర్చుకోలేరు. అయినా ఆ జవాబు విన్నాక తువాళ్లు దులుపుకుని లేచారు.

శాలిని సోమవారం సోమవారం పొద్దున బస్సు దిగుతోంది. మొదటి నాలుగు వారాలు ఆయన పాట ఎత్తనే లేదు, డోలు మోయించాడు, గొర్రెల పేర్లు నేర్పించాడు. మొన్న సెలవు పెట్టి చూద్దామని పోయాను. ఊరవతల సాగు చేయని పడావు భూమిలో మంద మేస్తోంది. శాలిని డోలు మెడకు వేసుకుని నిలబడి ఉంది. పెద్దనాయిన నేల మీద వెల్లకిలా పడుకుని, గొంగడి తలదాకా కప్పుకుని, ఒక చెయ్యి బయటపెట్టాడు. ఎవరో ఒకరు పడుకోకపోతే లేపుడు నేర్చుకునేది ఎట్లా అట.

ఆ నల్లటి గొంగడి కింద ఆయన్ని అట్లా చూడగానే నేను గట్టు దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల పాట మొదలుపెట్టింది. దేవుణ్ణి తిట్టింది. నల్లబొల్లి తాగింది, వంకరకొమ్ముది తాగింది, కుంటిది తాగింది. నాకు తప్పేమీ కనిపించలేదు. చివరిదాకా పాడి, వంగి, గొంగడి తొలగించబోయింది. లోపల్నుంచి గొంతు వచ్చింది.

"నేనింక లేవలే బిడ్డా. మల్ల పాడు."